మెత్తగా మోగాలంటే: కీబోర్డు, స్మూత్ జాజ్ సందేహాలు

ఈసారి స్వర సందేహాల శీర్షికకు కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ప్రశ్నలన్నీ దాదాపు ఒకే సంగీతం చుట్టూ తిరిగాయి. స్మూత్ జాజ్ పేరు కొత్తగా వింటున్నవారికి రెండు ముక్కలు: జాజ్ నుంచి తీసుకున్న కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు), ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) నుంచి తీసుకున్న నడక, వెంటనే హమ్ చేసుకోగలిగే ట్యూను, ఈ మూడూ కలిస్తే అది. మాటలు తక్కువ, వాద్యాలు ఎక్కువ. 1987లో లాస్ ఏంజెలెస్‌లో ‘ది వేవ్’ పేరుతో కేటీడబ్ల్యూవీ రేడియో స్టేషన్ మొదలయ్యాక అమెరికా రేడియోల్లో దీనికంటూ ఒక చోటు ఏర్పడింది.

ప్రశ్న: పదేళ్లుగా పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తున్నాను. స్మూత్ జాజ్ ఆల్బమ్ వింటుంటే కార్డ్స్ తేలిగ్గానే ఉన్నట్టుంటాయి. అవే నేను వాయిస్తే మొద్దుగా, బరువుగా వస్తాయి. తప్పు ఎక్కడుంది? (ప్రొద్దుటూరు)

మీ ఎడమచేతిలో. ఆర్కెస్ట్రాలో ఎడమచేత్తో సి, ఇ, జి మూడు కీలు నొక్కి పట్టుకుని కుడిచేత్తో పాట నడిపించడం అలవాటు. స్టైల్ బటన్ నొక్కి వాయించే కీబోర్డుల్లో అలా చేయకపోతే రిథమ్ కార్డు మారదు కూడా. స్మూత్ జాజ్‌లో మూలస్వరం, అంటే కార్డుకు పేరిచ్చే స్వరం, బేస్ గిటార్ వాయించే మనిషిది. మీరూ దాన్నే మోగిస్తే కింద ఇరుకు, పైన ఖాళీ.

కాబట్టి ముందు స్టైల్ ఆపేయండి. మూలస్వరం వదిలేసి ఈ మూడు కార్డ్స్ ఎడమచేత్తో పట్టండి. డి మైనర్ నైన్‌కు ఎఫ్, ఎ, సి, ఇ. జి థర్టీన్‌కు ఎఫ్, ఎ, బి, ఇ. సి మేజర్ నైన్‌కు ఇ, జి, బి, డి. మొదటి రెండింటికీ కింది స్వరం మిడిల్ సికి కింద వచ్చే ఎఫ్, మూడోదానికి దాని పక్కనున్న ఇ. ఇంకో ఆక్టేవ్ దించితే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి బురదగా వినిపిస్తాయి.

ఇప్పుడు వేళ్ల కదలిక గమనించండి. మొదటి కార్డు నుంచి రెండోదానికి వెళ్లేటప్పుడు ఒకే వేలు కదులుతుంది: సి మీదున్నది బి మీదికి. రెండు నుంచి మూడుకు ఎఫ్ కాస్తా ఇ, ఎ కాస్తా జి, ఇ కాస్తా డి అవుతాయి, బి కదలదు. చేయి ఎగిరి దూకదు, పక్కకు జరుగుతుందంతే. వినేవారికి ‘స్మూత్’ అనిపించేదాంట్లో సగం ఇదే.

కర్ణాటక సంగీతం కొద్దిగా తెలిసినా కుడిచేతికి దగ్గరి దారి ఉంది. ఈ మూడు కార్డ్స్‌కూ వాడేవి తెల్ల కీలు ఏడే. డిని షడ్జమం చేసుకుంటే అవి ఖరహరప్రియ, జిని చేసుకుంటే హరికాంభోజి, సిని చేసుకుంటే ధీరశంకరాభరణం. అంటే గ్రహభేదం: స్వరాలు అవే, షడ్జమం చోటు మారితే రాగం మారుతుంది. పాశ్చాత్య పుస్తకాలు డోరియన్, మిక్సోలిడియన్, అయోనియన్ అని మూడు పేర్లతో చెప్పేదీ దీన్నే. ప్రతి కార్డుకూ కొత్త స్కేలు వెతుక్కోనక్కర్లేదు, ఎక్కడ నిలబడాలో తెలిస్తే చాలు. జి థర్టీన్ మోగుతుండగా సి మీద, సి మేజర్ నైన్ మోగుతుండగా ఎఫ్ మీద ఎక్కువసేపు నిలబడకండి, కార్డులోని గాంధారంతో రాసుకుంటాయి. వాటి మీదుగా నడిచిపోతే ఇబ్బంది లేదు. ఇ, బి మీద నిలబడండి.

సాధనకు మెట్రోనోమ్ 72 మీద పెట్టండి. కార్డుకు రెండు బార్లు (బార్ అంటే నాలుగు బీట్ల ఆవర్తం). సి అయ్యాక ఎఫ్, ఆ తర్వాత బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఇలా మధ్యమాల వరుసలో పన్నెండు శ్రుతులూ తిరగండి. ట్రాన్స్‌పోజ్ బటన్ ముట్టుకోవద్దు, ఆర్కెస్ట్రా కీబోర్డిస్టుల వేళ్లను అదే సోమరుల్ని చేసింది. ఒక బార్‌లో రెండు తాకులు మించొద్దు: ఒకటి మొదటి బీటు మీద, రెండోది రెండో బీటు దాటిన అరబీటు మీద. మిగిలిన చోటంతా ఖాళీ. ఆ ఖాళీని పెడల్ తొక్కి నింపేయడం అందరూ చేసే తప్పు. కార్డు మారిన ప్రతిసారీ పెడల్ ఎత్తి మళ్లీ తొక్కాలి.

ప్రశ్న: ఆల్బమ్‌లో గంట మోగినట్టు, కొంచెం ఊగుతూ వినిపించే ఎలక్ట్రిక్ పియానో శబ్దం నా కీబోర్డులో ఎలా తెచ్చుకోవాలి? (అనంతపురం)

మీరు విన్నది చాలావరకు రోడ్స్ పియానో అయి ఉంటుంది. అందులో తీగలుండవు. చిన్న సుత్తి వెళ్లి సన్నటి ఉక్కు కడ్డీని కొడుతుంది, దాని కంపనాన్ని గిటార్‌లో ఉన్నట్టే ఒక పికప్ పట్టుకుంటుంది. మెల్లగా నొక్కితే గుండ్రటి గంటనాదం, గట్టిగా కొడితే గరగరమనే మొరుగు. ఈ తేడానే దాని ప్రాణం. రెండో రకం శబ్దం 1983లో వచ్చిన యమహా డీఎక్స్7ది: గాజు మీద తట్టినట్టు మరింత మెరుపుగా, సన్నగా ఉంటుంది. 80ల ఆల్బమ్‌ల నిండా అదే.

జనరల్ మిడి (టోన్లకు అన్ని కీబోర్డుల్లో ఒకే నంబర్లిచ్చే పద్ధతి) ఉన్న ఏ కీబోర్డులోనైనా 5వ నంబర్ టోను మొదటి రకానికి, 6వది రెండో రకానికి దగ్గర. టచ్ రెస్పాన్స్ ఆన్ చేయండి. అది ఆఫ్‌లో ఉంటే ఏ టోను పెట్టినా ప్రాణం రాదు. వెలాసిటీ (కీ మీద పడే దెబ్బ బలం) 50 నుంచి 85 మధ్య తిరిగేలా వాయించడం అలవాటు చేసుకుని, 100 దాటే దెబ్బను పాటలో ఒకటి రెండు చోట్లకు దాచుకోండి.

ఊగుడుకు రెండు పద్ధతులు. ఆటో ప్యాన్ లేదా ట్రెమొలో పెట్టి వేగం సెకనుకు 4–5 ఊపులు ఉంచితే శబ్దం ఎడమ నుంచి కుడికి తిరుగుతుంది. స్పీకరు ఒక్కటే ఉంటే ఈ అందమంతా పోతుంది, హెడ్‌ఫోన్‌లో వినండి. కోరస్ (స్వరాన్ని కొద్దిగా రెట్టించి ఊపే ఎఫెక్ట్) పెడితే వేగం సెకనుకు ఒకటికన్నా తక్కువ, లోతు తక్కువ. రెండూ ఒకేసారి వద్దు. రివర్బ్ (ప్రతిధ్వని) హాల్ కాకుండా రూమ్ లేదా ప్లేట్, ఒకటిన్నర సెకను దాటకుండా. ఈక్వలైజర్ ఉంటే 250–300 హెర్ట్జ్ దగ్గర 2–3 డెసిబెల్స్ తగ్గించండి, బేస్ గిటార్‌కు దారి దొరుకుతుంది.

ప్రశ్న: మా ఇంటి పక్కనే బండల పాలిష్ ఫ్యాక్టరీ. కీబోర్డు కొని నాలుగేళ్లయింది. కొన్ని కీలు అసలు మోగవు, కొన్ని మెల్లగా నొక్కినా పెద్దగా అరుస్తాయి. మెత్తటి సంగీతం వాయించడం కుదరడం లేదు. రిపేరుకు ఇవ్వాలా, ఇంట్లో చేసుకోవచ్చా? (తాడిపత్రి)

రాతి పొడి కీల కింద రబ్బరు కాంటాక్ట్‌ల దాకా చేరి ఉంటుంది. ఓపిక ఉంటే ఇంట్లోనే అయ్యే పని.

ముందు కారణం. ప్రతి కీ కింద రబ్బరు బుడగలో రెండు నల్లటి కార్బన్ చుక్కలుంటాయి. కీ దిగేటప్పుడు ఒకటి ముందు, రెండోది వెనుక సర్క్యూట్ బోర్డును తాకుతాయి. ఆ రెండు తాకుల మధ్య వ్యవధి తక్కువైతే గట్టిగా కొట్టారనీ, ఎక్కువైతే మెల్లగా నొక్కారనీ కీబోర్డు లెక్క కడుతుంది. మొదటి చుక్క మీద దుమ్ముంటే అది ఆలస్యంగా తాకుతుంది, వ్యవధి కుదించుకుపోతుంది, శబ్దం అరుస్తుంది. రెండోదాని మీద ఉంటే అసలు మోగదు. పెళ్లి బ్యాండు సంగీతంలో దాగిపోయే ఈ లోపం స్మూత్ జాజ్‌లో మాత్రం ఒక్క స్వరంతోనే పాట పాడుచేస్తుంది.

అడాప్టర్ తీసేయండి, బ్యాటరీలుంటే అవీ. మంచం మీద దుప్పటి పరిచి కీబోర్డును బోర్లించండి. మరలు విప్పేముందు ఫోన్‌తో ఫోటో తీయండి: పొట్టి మరల చోట పొడవు మర బిగిస్తే పై ప్లాస్టిక్‌ను చీల్చుకుని బయటికి వస్తుంది. కింది భాగం ఎత్తేటప్పుడు నిదానం, స్పీకరు తీగలు, పట్టీ కేబుళ్లు రెండు భాగాలనూ కలిపి ఉంటాయి. కేబుల్‌ను కాదు, దాని కనెక్టర్‌ను పట్టుకుని లాగాలి.

కాంటాక్ట్ బోర్డు విప్పాక రబ్బరు పట్టీలు చేతికొస్తాయి. వాటి సన్నటి కాడలు బోర్డు రంధ్రాల్లో ఇరుక్కుని ఉంటాయి, తెగకుండా ఒక్కొక్కటే వదిలించండి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాటన్ బడ్ ముంచి, పిండి, బోర్డు మీది నల్ల గీతలనూ రబ్బరు చుక్కలనూ మెత్తగా తుడవండి. గట్టిగా రుద్దితే కార్బన్ పొరే లేచిపోతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్ వాడకండి: అందులోని గ్లిజరిన్ జిడ్డుగా మిగిలి ఇంకా దుమ్మును పిలుస్తుంది. తుప్పు వదిలించే స్ప్రేలు, కుట్టుమిషన్ నూనె అసలే వద్దు. పావుగంట ఆరనిచ్చి పట్టీలు తిరిగి పెట్టండి. కాడలన్నీ పూర్తిగా దిగాయో లేదో వెనక నుంచి చూడండి, ఒక్కటి దిగకపోయినా ఆ పక్క కీలు రెండూ తేడాగా మోగుతాయి.

ఒక్క జాగ్రత్త. వరుసగా ఆరో ఎనిమిదో కీలు ఒకేసారి మూగబోయినా, సమాన దూరంలో ఉన్న కీలు పోయినా అది దుమ్ము కాదు. పట్టీ కేబులో, బోర్డు మీది డయోడో పోయిందన్నమాట. అప్పుడు మెకానిక్ దగ్గరికే. శుభ్రం చేశాక నూలు గుడ్డ కప్పి ఉంచండి. ప్లాస్టిక్ కవరు కన్నా అదే మేలు, లోపల చెమట పట్టదు.

ప్రశ్న: డ్రమ్స్ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ చేస్తాను. తాళం తప్పదు కానీ యంత్రం కొట్టినట్టే ఉంటుంది. (కర్నూలు)

తాళం తప్పకపోవడమే మీ చిక్కు. ఈ సంగీతంలో సగం సగం బీట్లు నిటారుగా ఉన్నా, పావు బీట్లు కొంచెం కుంటుతాయి. సాఫ్ట్‌వేర్‌లో స్వింగ్ 50 శాతం అంటే అసలు కుంటడం లేదని. 66 దాటితే పూర్తిగా తిస్రంలోకి వెళ్లి పాతకాలపు జాజ్ అవుతుంది. మనకు కావలసింది 54–58.

లెక్కలో చెప్పాలంటే: బీటుకు 480 టిక్కులుండే సాఫ్ట్‌వేర్‌లో, రెండు పావుల జంటకు 240 టిక్కులు. రెండో పావు మామూలుగా 120 దగ్గర పడాలి. 56 శాతం పెడితే 134 దగ్గర పడుతుంది. టెంపో 92లో ఆ తేడా సుమారు 20 మిల్లీసెకన్లు. చెవికి ‘ఆలస్యం’గా తెలియదు, ఒంటికి ఊపుగా తెలుస్తుంది.

హై-హ్యాట్‌కు (జంట తాళాలకు) ఈ స్వింగ్ ఇచ్చి, స్నేర్‌ను (గరగరలాడే చిన్న డ్రమ్మును) ఇంకో 8–10 మిల్లీసెకన్లు వెనక్కి జరపండి. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) మాత్రం గీత మీదే ఉండాలి. హై-హ్యాట్ వెలాసిటీలు అన్నీ 100 పెట్టకండి, 85, 45, 70, 40 అని ఎత్తుపల్లాలుగా వేయండి. బేస్‌లో స్వరం ఎక్కడ మొదలైందన్నదాని కన్నా ఎక్కడ ఆగిందన్నది ముఖ్యం: స్నేర్ పడేలోపు బేస్ స్వరం తెంపేస్తే రెండూ విడివిడిగా వినిపిస్తాయి. కీబోర్డు భాగాన్ని క్వాంటైజ్ చేయకుండా, అంటే స్వరాలను గీతల మీదికి లాగకుండా, వదిలేస్తే మంచిది, తప్పనిసరైతే 50–60 శాతం బలంతో.

ప్రశ్న: రైల్వే లైను పక్కనే ఇల్లు. పదడుగుల గదిలో ల్యాప్‌టాప్‌తో ఆల్బమ్ రికార్డు చేసుకోవచ్చా? ఛార్జర్ పెడితే స్పీకర్లలో బుయ్యిమని మోత. కీ నొక్కాక శబ్దం కూడా ఆలస్యంగా వస్తోంది. (గుంతకల్లు)

కీబోర్డుకు రైలు అడ్డు కాదు, అది తీగలోంచి నేరుగా వెళుతుంది కదా. శాక్సఫోన్‌కో గిటార్‌కో మైకు పెట్టే రోజున మాత్రం రైళ్ల టైములు చూసుకోండి.

ఎడమ, కుడి రెండు అవుట్‌పుట్‌లూ ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టెకు) కలపండి. ఒక్క తీగతో సరిపెడితే పైన చెప్పిన స్టీరియో ఊగుడు పోతుంది. యూఎస్‌బీ ద్వారా మిడి (ఏ కీ ఎప్పుడు, ఎంత బలంగా నొక్కారన్న సమాచారం) కూడా అదే సమయంలో రికార్డు చేయండి, తర్వాత ఒక తప్పు స్వరం దిద్దాలన్నా, టోను మార్చాలన్నా మళ్లీ వాయించక్కర్లేదు. 24 బిట్, గట్టి దెబ్బ కూడా మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా లెవెల్ పెట్టండి.

ఆలస్యానికి కారణం బఫర్, అంటే కంప్యూటర్ శబ్దాన్ని కాసేపు పోగేసుకునే చోటు. 44.1 కిలోహెర్ట్జ్‌లో 1024 శాంపిళ్లంటే 23 మిల్లీసెకన్లు, వేలికి అడ్డంగా తగులుతుంది. 128కి దించితే 3 మిల్లీసెకన్ల లోపే. పటపటమని చప్పుడొస్తే 256 పెట్టండి. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఆసియో డ్రైవరే వాడాలి. మిక్సింగ్ అప్పుడు మళ్లీ 1024కు పెంచుకోవచ్చు.

మోత సంగతి: ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. మోత ఆగితే అది గ్రౌండ్ లూప్, అంటే పరికరాల ఎర్త్ తీగలు కలిసి ఒక చుట్టుగా మారడం. కీబోర్డుకు, ఇంటర్‌ఫేస్‌కు మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సులు (తీగ మధ్యలో పెట్టే చిన్న పెట్టెలు) రెండు పెట్టండి, లేదా అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి నడపండి. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరగ్గొట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. మోత ఆగుతుంది, ఎప్పుడో షాక్ కూడా కొడుతుంది. వద్దు.

పదడుగుల చదరం గదితో అసలు చిక్కు బేస్. గోడకూ గోడకూ మధ్య 56 హెర్ట్జ్ దగ్గర నాదం నిలబడిపోతుంది, పొడవు వెడల్పులు సమానం కాబట్టి రెట్టింపు బలంగా. గది మధ్యలో కూర్చుంటే ఆ స్వరం మాయమైనట్టు, గోడ పక్కన ఉబ్బినట్టు వినిపిస్తుంది. గోడ నుంచి మూడు, నాలుగు అడుగుల దూరంలో కూర్చోండి. నాపరాళ్ల నేల మీద బొంత పరచండి, మీ వెనక గోడకు దూది పరుపు నిలబెట్టండి. చప్పట్లు కొడితే వచ్చే టింగుమనే ప్రతిధ్వని వీటితో తగ్గుతుంది. బేస్ ఉబ్బు మాత్రం వీటికి లొంగదు. దాన్ని హెడ్‌ఫోన్‌లో సరిచూసుకోవాల్సిందే. అట్ట గుడ్ల ట్రేలు గోడకు అంటించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ప్రశ్న: అన్నమయ్య కీర్తనలను, కొన్ని సినిమా పాటలను కీబోర్డు మీద స్మూత్ జాజ్‌గా చేసి ఆల్బమ్ వేయాలని ఉంది. అనుమతులు కావాలా? ఏ రాగాలు ఒదుగుతాయి? (కడప)

మన తాళ్లపాక కవి 1408–1503 కాలంవాడు, సాహిత్యం మీద ఎవరికీ కాపీరైటు లేదు. కానీ మీరు చేసేది వాద్య సంగీతం, అందులో సాహిత్యం ఉండదు, ఉండేది వరుసే. రాగిరేకుల మీద రాగం పేరుంది గానీ స్వరాలు లేవు. ఇవాళ మనం పాడుకునే వరుసల్లో చాలావాటిని 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టారు. వరుస కట్టినవారు జీవించి ఉన్నంతకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అంటే మీకు ఉచితంగా దొరికే భాగం మీకు అక్కర్లేదు, అక్కరకొచ్చే భాగానికే అనుమతి కావాలి. రేకు మీది రాగం తీసుకుని వరుస మీరే కట్టుకోవడం శుభ్రమైన దారి.

సినిమా పాటలకు కాపీరైటు చట్టం 31సి సెక్షన్ కింద కవర్ వెర్షన్‌కు వెసులుబాటుంది. మొదటి రికార్డింగ్ జరిగిన సంవత్సరం ముగిశాక 5 క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి, హక్కుదారుకు ముందే నోటీసు ఇవ్వాలి, ఒక్కో పాటకు ఏడాదికి కనీసం 50,000 కాపీల రాయల్టీ ముందుగా చెల్లించాలి. పైగా సాంకేతికంగా తప్పనిసరి కాని మార్పులు అనుమతి లేకుండా చేయకూడదు. కార్డ్స్ అన్నీ మార్చేయడమే మన పని కాబట్టి, ఈ సెక్షన్‌ను నమ్ముకోవడం కన్నా హక్కుదారుతో నేరుగా రాతపూర్వక లైసెన్స్ తీసుకోవడం క్షేమం.

రాగాల్లో మోహనం అన్నింటికన్నా సులువు: మధ్యమం, నిషాదం లేవు కాబట్టి సి మేజర్ నైన్ మీదా ఎ మైనర్ సెవెన్ మీదా ఎక్కడ నిలబడ్డా రాసుకోదు. శుద్ధ ధన్యాసి మైనర్ కార్డ్స్‌కు చక్కగా కూర్చుంటుంది. కల్యాణికి ప్రతిమధ్యమం ఉన్న మేజర్ సెవెన్ కార్డు పెట్టండి, మామూలు ఎఫ్ కార్డు పొరపాటున కూడా రానీయకండి. తోడి జోలికి మొదట్లో పోవద్దు: దాని గాంధారం నిలకడగా ఉండదు, కింద పెట్టిన ఏ కార్డూ దానితో సరిపడదు.

పిచ్ బెండ్ (స్వరాన్ని వంచే చక్రం) 2 సెమీటోన్లకు పెట్టి, గమకం దీర్ఘస్వరాలకే ఇవ్వండి. చక్రం తిప్పితే ఆ టోను మొత్తం వంగుతుంది, కాబట్టి వరుసకు వేరే టోను, వేరే ట్రాకు. లేకపోతే కింది కార్డు కూడా పాటతోపాటు జారిపోతుంది.

ప్రశ్న: మొదట ఏ ఆల్బమ్ వినాలి? (ఆదోని)

కీబోర్డిస్టుదే వినండి, శాక్సఫోన్ ఆల్బమ్‌లు తర్వాత. జో శాంపిల్ 1978 ఆల్బమ్ ‘రెయిన్‌బో సీకర్’లో మామూలు పియానోతోనే ఎంత నడపవచ్చో తెలుస్తుంది. అదే ఏడాది వచ్చిన బాబ్ జేమ్స్ ‘టచ్‌డౌన్’లో ‘ఏంజెలా’ ఉంది, అమెరికా టీవీ ధారావాహిక ‘ట్యాక్సీ’కి శీర్షిక సంగీతం అదే. రోడ్స్ శబ్దం ఎలా ఉండాలో అక్కడ పట్టుకోండి. మూడోది 1986లో డేవిడ్ శాన్‌బోర్న్ శాక్సఫోన్‌తో కలిసి బాబ్ జేమ్స్ చేసిన ‘డబుల్ విజన్’. శాక్స్ పాడుతున్నప్పుడు కీబోర్డు ఎక్కడెక్కడ ఊరుకుందో కాగితం మీద బార్ల వారీగా గుర్తు పెట్టుకుంటూ వినండి.

ప్రశ్న: మిక్స్ అయ్యాక ఆల్బమ్ ఎంత శబ్దంతో ఉండాలి? మిగతా పాటల కన్నా చిన్నగా వినిపిస్తుందేమోనని భయం. (నంద్యాల)

స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (పాట మొత్తం ఎంత బిగ్గరగా వినిపిస్తుందో చెప్పే కొలత) సరిచేసుకుంటుంది, మీరు మైనస్ 8కి పిండి ఇచ్చినా తగ్గించేస్తుంది. పిండిన నష్టం మాత్రం మిగులుతుంది: రోడ్స్ మెల్లటి తాకుకూ గట్టి తాకుకూ తేడా పోతుంది. మైనస్ 14 నుంచి 16 మధ్య, ట్రూ పీక్ (శబ్దం చేరే అత్యధిక ఎత్తు) మైనస్ 1 డెసిబెల్ దాటకుండా ఉంచండి. పాటలన్నీ ఒకే అంకెకు లాగకండి, నెమ్మదైన పాట ఒకటి రెండు డెసిబెల్స్ తక్కువే ఉండాలి. 24 బిట్ వేవ్ ఫైలు ఇవ్వండి, ఎంపీ3 కాదు. చివర ఫేడవుట్ పెడితే 12–15 సెకన్లు తీసుకోండి, 5 సెకన్లలో దించేస్తే కరెంటు పోయినట్టుంటుంది.